సూక్ష్మక్రిములు మాయను చేరినప్పుడు

గర్భిణికి జ్వరం వస్తే ఇంట్లో అందరికీ ముందుగా కలిగే భయం బిడ్డకేమవుతుందోనని. ఆ భయానికి జవాబు చాలావరకు, కడుపులో బిడ్డను పోషించే మాయ (ప్లాసెంటా)లోనే ఉంటుంది కనుక, దానిపై జరిగిన పరిశోధనలను కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. చదివినకొద్దీ నాలో బలపడిన అభిప్రాయం ఒకటుంది: క్రిమిని చంపడం కన్నా, బిడ్డను పోషిస్తున్న కణజాలాన్ని చెడగొట్టకుండా చంపడమే ఇక్కడి రోగనిరోధక కణాలకు అసలైన పరీక్ష.

మాయ అంటుకుని ఉండే గర్భాశయపు లోపొరలో తల్లి రోగనిరోధక కణాలు ఉంటాయి. తొలి మూడు నెలల్లో అక్కడి తెల్లరక్తకణాల్లో దాదాపు 70 శాతం, క్రిమి సోకిన కణాలను చంపగల నేచురల్ కిల్లర్ కణాలే. పచ్చిపాల వంటి వాటి ద్వారా ఒంట్లోకి వచ్చే లిస్టీరియా బాక్టీరియా మాయ కణంలో దూరి దాక్కుంటే, ఆ కణాన్నే చంపితే పీడ వదులుతుంది గానీ మాయ దెబ్బతింటుంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, నేచురల్ కిల్లర్ కణాలు సన్నని గొట్టాల వంటి పోగులు చాచి, గ్రాన్యులైసిన్ అనే ప్రొటీన్‌ను మాయ కణంలోకి పంపుతాయి. లోపలి బాక్టీరియా చస్తుంది, కణం మాత్రం బతికే ఉంటుంది. ఇంత నేర్పు గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

బిడ్డ వైపున ఉండేవి హాఫ్‌బౌయర్ కణాలు. ఇవి పిండానికే చెందిన మాక్రోఫేజ్‌లు, అంటే క్రిములను మింగే రోగనిరోధక కణాలు. గర్భం నిలిచిన మూడో వారం నుంచే కనబడి, కాన్పు దాకా ఉంటాయి. 2015లో బ్రెజిల్‌లో దోమల ద్వారా వ్యాపించే జికా వైరస్ ప్రబలిన వేళ చిన్న తలతో పుట్టే శిశువుల సంఖ్య పెరిగి, 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించిన తర్వాత, ఆ వైరస్ మాయను ఎలా దాటుతోందన్న ప్రశ్న ఈ కణాల వైపు దృష్టి మళ్లించింది. మాయ పైపొర, వైరస్‌లను ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్లనే ప్రొటీన్లలో ఒకటైన ఇంటర్‌ఫెరాన్ లామ్డాను నిరంతరం విడుదల చేస్తూ వైరస్‌ను చాలావరకు అడ్డుకుంటుంది. హాఫ్‌బౌయర్ కణాల్లో మాత్రం వైరస్ వృద్ధి చెందగలదని, ఆ కణాలు పెద్దగా చావకుండానే ఇంటర్‌ఫెరాన్లను విడుదల చేస్తాయని అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

ఆ ఇంటర్‌ఫెరాన్లు మేలే చేస్తాయని అనుకుంటాం. అయితే 2018లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగంలో, టైప్ 1 ఇంటర్‌ఫెరాన్‌ను గుర్తించే గ్రాహకం ఉన్న పిండాలు జికా సోకినప్పుడు నశించాయి. అదే గర్భంలో, అది లేని పిండాలు ఎదుగుతూనే ఉన్నాయి. హాని క్రిమి వల్లనే కాదు, దానిపై శరీరం చేసే పోరాటం వల్ల కూడా కలుగుతుందని దీనికన్నా స్పష్టంగా చెప్పే ప్రయోగం నేను చూడలేదు.

మన విశాఖ మన్యానికి చిరపరిచితమైన ఫాల్సిపరం మలేరియాలోనూ ఇలాంటిదే జరుగుతుంది. పరాన్నజీవి సోకిన ఎర్రరక్తకణాలు వర్2సిఎస్ఎ అనే ప్రొటీన్ సాయంతో మాయకు అంటుకుంటాయి. వాటిని తొలగించడానికి గుమిగూడిన తల్లి మోనోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు) కలిగించే వాపు వల్ల బిడ్డకు పోషణ తగ్గి, తక్కువ బరువుతో పుడుతుంది. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తొలి కాన్పుకే ఈ ముప్పు అధికం, ఎందుకంటే ఆ ప్రొటీన్‌పై యాంటీబాడీలు తర్వాతి గర్భాల్లోనే బలపడతాయి. ఆ రక్షణను తొలి గర్భానికే అందించాలని తయారుచేసిన పామ్‌వాక్, ప్రిమ్‌వాక్ టీకాలను మనుషులపై తొలిదశలో పరీక్షించారు.