పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగలేదు

రేసు ట్రాక్ మీద నాలుగో ల్యాపులో, అంటే నాలుగో చుట్టులో, పొడవైన తిన్నని దారి చివర బ్రేకు తొక్కాను. పెడల్ ఎప్పటిలాగే గట్టిగా తగిలింది, కానీ వేగం తగ్గలేదు. ఉన్న బలమంతా పెట్టి తొక్కితే తప్ప ఆ మలుపు తిరగలేకపోయాను. మిగిలిన దూరం నెమ్మదిగా నడిపి కారును లోపలికి తెచ్చేసరికి ముందు చక్రాల నుంచి ఘాటైన మాడు వాసన వస్తోంది.

బ్రేకు ఆయిలు మరిగి ఉంటుందని అక్కడున్నవారు అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. మన బలమంతా ఆ బుడగలను నొక్కడానికే పోతుంది కాబట్టి పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. నా పెడల్ దిగలేదు. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే అనుమానించవలసింది, చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే బ్రేకు ప్యాడ్లను. మితిమీరిన వేడికి ప్యాడ్‌ను కట్టి ఉంచే రెసిన్ కాలి వాయువులు వదులుతుంది, పట్టు సడలుతుంది. ట్రాక్ మీదికి వెళ్లే ప్రతివారూ ఈ తేడాను ముందుగానే తెలుసుకోవాలని గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే ఆ క్షణంలో పాదానికి తెలిసినంత స్పష్టంగా మరే పరికరమూ చెప్పదు.

వేడి ఎంత పుడుతుందో లెక్క వేసి చూస్తే నా ప్యాడ్ల మీద కోపం పోయింది. వేగం రెట్టింపైతే అణచవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడానికి ఎంత శక్తిని అణచాలో, 160 నుంచి 80కి దించడానికి దానికి మూడు రెట్లు అణచాలి. రోడ్డు మీద అటువంటి బ్రేకు అరుదు. ట్రాక్ మీద ప్రతి ల్యాపులోనూ పడుతుంది, డిస్కు చల్లబడేలోపే మరొకటి పడుతుంది.

పూర్తి రేసు ప్యాడ్లు కొనెయ్యాలని మొదట మనసు లాగింది. కానీ అవి వేడెక్కితేనే బాగా పట్టుకుంటాయి. ఉదయాన్నే చల్లటి డిస్కు మీద, ఇంటి వీధి మలుపులో, ఎవరైనా అడ్డం వస్తే? అదే కారులో ట్రాక్‌కు వెళ్లి అదే కారులో తిరిగొచ్చే నాలాంటివారికి ఆ ప్యాడ్లు తగవని నా నిశ్చితాభిప్రాయం. తయారీదారులు ఇచ్చే వేడి–పట్టు రేఖాచిత్రాలు ముందు వేసుకుని కూర్చున్నాను. గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంత అన్నది కాదు, చల్లగా ఉన్నప్పటి నుంచి పైదాకా గీత ఎంత సమంగా సాగుతుంది అన్నదే చూశాను. చల్లగా ఉన్నప్పుడూ నమ్మదగినట్టు పట్టుకునే ట్రాక్ డే ప్యాడ్లను (రోడ్డు కార్లను ట్రాక్ మీద నడిపే రోజుల కోసం చేసినవి) ముందు చక్రాలకు ఎంచుకున్నాను. వెనక మాత్రం అంత పట్టులేనివే ఉంచాను. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరిగిపోతుంది.

మార్చే పని ఇంట్లోనే చేశాను. కారు నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, జాకీతో లేపి, బరువును స్టాండ్ల మీదికి దించాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి పని చేయకూడదు. ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే క్యాలిపర్‌కు కింది బోల్టు తీసి, దాన్ని పైకి తిప్పి, రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టాను. పాత ప్యాడ్లు చేతికి రాగానే అసలు సంగతి బయటపడింది. కుడివైపు లోపలి ప్యాడ్, బయటిదానికంటే బాగా పలచబడి ఉంది. క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్నుల్లో ఒకటి ఎండిపోయి పట్టేసింది! ఇద్దరు మోయవలసిన బరువును ఒక్కరే మోసినట్టు, ఆ ప్యాడ్ అన్ని ల్యాపులూ ఎక్కువ భారం భరించింది. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, తనను నెట్టే పిస్టన్‌కూ ఆయిలుకూ పంపేస్తుంది. పిన్ను శుభ్రం చేసి, దానికి తగిన సిలికాన్ గ్రీజు పలచగా పూసి, వేళ్లతోనే హాయిగా జరుగుతోందని తేలాకే ముందుకు వెళ్లాను. ఇది చూడకుండా ఎంత మంచి ప్యాడ్లు వేసినా అదే కథ మళ్లీ జరిగేది.

పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు బ్రేకు ఆయిలు ట్యాంకులో మట్టం పెరుగుతుంది, పొంగకుండా చూసుకోవాలి. ఎలాగూ ఆయిలు కూడా మార్చాను. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డిస్కుల మీద పాత ప్యాడ్ల పొరను ఎమెరీ కాగితంతో రుద్ది తీశాను. చక్రాలు బిగించి, కారు కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాను.

మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లినప్పుడు, మొదటి సెషన్ (ఒక విడతలో నడిపే సమయం) మొత్తాన్నీ ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయడానికే ఇచ్చాను. తయారీదారు చెప్పినట్టు బ్రేకు బలాన్ని మెల్లగా పెంచుతూ, ఎక్కడా పూర్తిగా ఆపకుండా నడిపాను. తర్వాత ఒక ల్యాపు బ్రేకు దాదాపు తాకకుండా చల్లార్చాను. నిలిపాక హ్యాండ్ బ్రేకు వేయలేదు, గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టాను. మండుతున్న ప్యాడ్ ఒకేచోట నొక్కుకుని ఉంటే డిస్కు మీద మచ్చలా అంటుకుంటుంది. తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంటే డిస్కు వంగిందని చాలామంది అనుకునేది తరచుగా ఈ మచ్చనే.

మూడో సెషన్‌లో అదే తిన్నని దారి చివర, అదే చోట తొక్కాను. వేగం నా పాదం కోరినంత తగ్గింది.

ఇంటికి వచ్చాక రోడ్డు ప్యాడ్లు వేసి, ట్రాక్‌వాటి వెనక 'ఎడమ లోపల', 'ఎడమ బయట', 'కుడి లోపల', 'కుడి బయట' అని రాసుకున్నాను. నాలుగింటి మందమూ కొలిచాను. కుడివైపు ఈసారి రెండూ సమానంగా అరిగాయి.