బొమ్మ మన కోసం ఆగదు

సోమశిల దగ్గర కృష్ణమ్మను చూద్దామని బయలుదేరాను. నది నిండుగా ఉంది. కొల్లాపూర్ నుంచి గట్టిగా పది కిలోమీటర్లు లేని దూరానికి ఆటోకు మూడు వందలు తీసుకున్నారు. తిరిగి వచ్చేసరికి పాలమూరు బస్సు వెళ్లిపోయింది. రాత్రికి కొల్లాపూర్‌లోనే ఉండాల్సి వచ్చిందన్న చిరాకుతో టీ తాగుతుంటే, ఎదురుగా బడి ఆవరణలో ఒకతను మంట దగ్గర డప్పు కాచుకుంటున్నాడు. పెళ్లా అని అడిగాను.

"కాదు సార్, చాప్లిన్ సినిమా."

రెండు గుంజలకు కట్టిన తెల్ల దుప్పటి. దాని ముందు చాప మీద హార్మోనియం, తబలా, డప్పు. వేసింది 1921 నాటి మాటల్లేని సినిమా ‘ది కిడ్’. చాప్లిన్ 1971లో దానికి స్వయంగా సంగీతం కూర్చాడు. ఫోనులో నేను చూసింది ఆ సంగీతంతోనే. ఇక్కడ దాన్ని పూర్తిగా ఆపేశారు.

హార్మోనియం వాయించే పెద్దాయన దాని మెట్ల వైపు ఒక్కసారైనా చూడలేదు. ఎడమ చెయ్యి తిత్తి మీద, కళ్లు తెర మీద. తెర మీద చాప్లిన్ పెంచుకున్న పిల్లవాడు రాయి విసిరి కిటికీ అద్దం పగలగొట్టినప్పుడల్లా డప్పు మీద ఒక్క దెబ్బ. ముందు వరుస పిల్లలు ఆ దెబ్బ కోసమే కాచుకుని ఉన్నారు.

అనాథాశ్రమం వాళ్లు పిల్లవాణ్ణి బండెక్కించారు. డప్పు, తబలా ఆగిపోయాయి. హార్మోనియం మీద ఒకే ఒక్క మెట్టు సన్నగా సాగుతోంది. తెర మీద ఆ పసివాడు చేతులు చాచి ఏడుస్తున్నాడు. నా పక్కనున్న అవ్వ "అయ్యో బిడ్డా" అని పైకే అనేసింది. చాప్లిన్ ఇళ్ల కప్పుల మీదుగా పరుగందుకోగానే డప్పు లేచింది. మా ఊళ్లో పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడేటప్పుడు కొట్టే దరువు అది! నాకు ఒళ్లు జలదరించింది.

1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది మొదలు టాకీలు వచ్చేదాకా మన దేశంలో తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవారని చదివాను. అయినా ‘మూకీ’ అనగానే నోరులేని సినిమా అని ఇన్నాళ్లూ జాలిపడ్డాను.

ఆట అయ్యాక పెద్దాయనతో మాట కలిపాను. ముప్పై ఏళ్లుగా యక్షగానాలకు వాయిస్తున్నారట.

"అక్కడ వేషగాడు పాట మరిచిపోతే నేను ఇంకో రెండు చుట్లు తిప్పుతాను. నాకు ఆలస్యమైతే అతను ఆగుతాడు. ఈ బొమ్మ మన కోసం ఆగదు బాబూ. అందుకే ఎనిమిది రాత్రులు కూర్చుని చూశాం."

ఆ ఒక్క మెట్టు మళ్లీ వినిపించమని అడిగాను. వాయించారు. అప్పటికే దుప్పటి మడిచేశారు. వట్టి హార్మోనియం చప్పుడే వినిపించింది. "పిల్లవాడు లేడు కదా" అంటూ ఆయన తిత్తి మూసి కొక్కెం పెట్టారు.