పూల లోయలో కలుపుతీత

ఉత్తరాఖండ్‌లోని పూల లోయకు (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) వెళ్లొచ్చాను. రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ దాకా బస్సులో నడుం పడిపోవడం, లోయ కింది ఊరు ఘాంఘరియాలో చెమ్మగోడల గదికి గుంజిన అద్దె... చెప్పుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది. ఆగస్టులో వెళ్లినవాళ్లందరూ తిట్టుకునేవే. నన్ను ఆపేసింది లోయలో జరుగుతున్న పని.

గేటు దగ్గర అన్నీ ఆంక్షలే. పువ్వు తుంచొద్దు, దారి దిగొద్దు, రాత్రి ఉండొద్దు. గుర్రాలకూ ప్రవేశం లేదు. తీరా పుష్పావతి వంతెన దాటి పైకెక్కితే, కూలీలు నిలువెత్తు మొక్కల్ని వేళ్లతో సహా పీకి కుప్పలేస్తున్నారు! తెల్లటి పూగుత్తులు కూడా ఉన్నాయి వాటికి.

వీపున మోసే బుట్ట, కండీ దించుకుని అలుపు తీర్చుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను. అది అమేలా అట. పీకకపోతే వేరే పువ్వుకు చోటుండదన్నాడు. మన వయ్యారిభామలా పరాయి దేశం నుంచి దిగబడింది కాదు, హిమాలయాల మొక్కే. కాకపోతే నేలలోపల దుంపవేళ్లతో పాకుతూ గుంపుగా లేచి నీడ పరిచేస్తుంది. కింద జానెడు ఎత్తు ప్రిములా, ఎనిమోన్ పూలమొక్కలకు ఎండ అందదు. విత్తనం రాలకముందే పీకాలి, వేరుముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. అందుకే ఏళ్ల తరబడి పీకుతూనే ఉన్నారు.

1982లో నేషనల్ పార్క్ చేసి గొర్రెల్ని ఆపేశారని, అప్పట్నుంచే ఇది తలెత్తిందని ఆయన వాదన. కొందరు శాస్త్రవేత్తలదీ అదే మాట. మరికొందరేమో మందలు విడిది చేసిన చోట్ల, చరియలు విరిగిన చోట్లే దీనికి పట్టు దొరికిందంటారు. నాకు ఆయన మాట సగమే నమ్మబుద్ధయింది. గొర్రె ఏది కలుపో, ఏది ప్రిములానో చూసుకుని మేయదు కదా! అయినా ఊరికే వదిలేస్తే పూలు నిలవవన్నది నిజం. యూరప్‌లో పూల పచ్చికల్ని విత్తనం రాలాక కోసి, ఆ గడ్డిని అక్కణ్నుంచి తీసేస్తారు. కుళ్లనిస్తే నేల సారం పెరిగి, బలిసిన గడ్డి సన్నపూలను మింగేస్తుంది మరి.

తిరిగొస్తుంటే ఒకాయన గొణుగుతున్నాడు. ఫోన్లో చూసినట్టు లేదట, డబ్బులు దండగట. ఆయన నిలబడింది అమేలా మధ్యలో. పీకి శుభ్రం చేసిన వాలు కాస్త ముందుంది, అక్కడ రంగులే రంగులని చెప్పాను. మోకాళ్లు సహకరించవంటూ వెనక్కి తిరిగాడు.