చర్మానికి మేలు చేసిన మందు పేగుకు ఎందుకు పడలేదు?

రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలైన టీ కణాల గురించి చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి నిలిపేవి టీహెచ్17 కణాలు. వీటిని ప్రత్యేక వర్గంగా గుర్తించింది 2005లోనే. చర్మం, నోరు, పేగు వంటి చోట్ల ఫంగస్ గానీ బాక్టీరియా గానీ లోపలికి చొరబడబోతే ఇవి ఐఎల్-17 అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో అక్కడి కణాలు సూక్ష్మజీవులను చంపే చిన్న ప్రోటీన్లను తయారుచేయడమే కాక, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను రక్తంలోంచి అక్కడికి రప్పిస్తాయి. మనం వాపు అని భయపడేది చాలావరకు ఈ రక్షణ చర్యే.

స్టాట్3 జన్యువులో లోపంతో పుట్టే జోబ్ సిండ్రోమ్ పిల్లలను గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. వారిలో టీహెచ్17 కణాలు దాదాపు తయారు కావు. నోట్లో కాండిడా ఫంగస్ తెల్లగా పేరుకుంటుంది, ఒంటి మీద స్టాఫిలోకాకస్ బాక్టీరియా వల్ల గడ్డలు పదేపదే లేస్తాయి. చీము నిండిన ఆ గడ్డలను తాకి చూస్తే చాలాసార్లు వేడి ఉండదు, చుట్టూ ఎరుపు కూడా అంతగా కనిపించదు.

సోరియాసిస్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఐఎల్-17 మితిమీరడంతో చర్మకణాలు అవసరానికి మించి పుట్టి పొలుసులుగా రాలుతుంటాయి. ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే సెకుకినుమాబ్ ఇంజెక్షన్‌కు 2015లో అమెరికాలో అనుమతి లభించింది, ఎంతోమందికి చర్మం తేటపడింది. అయితే కొందరిలో కాండిడా తలెత్తుతుంది, అది ఊహించదగినదే.

ఊహించనిది క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు విషయంలో జరిగింది. పేగు వాపులోనూ ఐఎల్-17 ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అదే మందు పనిచేస్తుందనుకున్నారు. కానీ 2012లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో మందు తీసుకున్నవారి పరిస్థితి ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే మెరుగ్గా లేకపోగా, కొందరికి మరింత క్షీణించింది. పేగు లోపలి పొరలోని కణాలు ఒకదానికొకటి బిగిసి ఉండటానికి ఐఎల్-17 తోడ్పడుతుందని తర్వాత ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపాయి. నా దృష్టిలో ఈ విఫలమైన ప్రయోగం ఎన్నో విజయాలకంటే విలువైనది. టీహెచ్17 కణాలను ప్రేరేపిస్తూ ఐఎల్-17కు పై మెట్టులో ఉండే ఐఎల్-23 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే రిసాంకిజుమాబ్ మాత్రం సోరియాసిస్‌కూ క్రోన్స్‌కూ పనికొస్తోంది.

అందుచేత సోరియాసిస్‌కు ఐఎల్-17ను అడ్డుకునే ఇంజెక్షన్ మొదలుపెట్టబోయేవారు, దీర్ఘకాలంగా విరేచనాలు, మలంలో రక్తం వంటివి తమకున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు వాపు జబ్బు ఉన్నా, ఆ సంగతి డాక్టరు అడగకముందే చెప్పాలి.