దువ్వెన పళ్ళలాంటి దారులు

పటంలో ఒడిశాలోని గంజాం జిల్లా తీరం గీత గీసినట్టు ఉంటుంది. చిలికా సరస్సు మొదలుకొని బాహుదా నది సముద్రంలో కలిసే మొగ వరకు చెప్పుకోదగ్గ వంపు ఒక్కటీ కనిపించదు. ఆ గీత వెంటే సైకిలు తొక్కుకుంటూ పోవచ్చని నమ్మి, ఆరేళ్ళ కిందట మొదటిసారి బయలుదేరాను. మధ్యాహ్నానికి చక్రాలు సగం ఇసుకలో కూరుకుపోయాయి, సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఒక జీడితోటలో చెట్టు కింద కూలబడ్డాను.

తీరం వెంట దారి లేదని ఆ రోజు తెలిసింది. గోళాబంధ దగ్గర సైన్యం వారి స్థలం, ఆ పైన గోపాలపూర్ రేవు, తర్వాత ఇసుక నుంచి ఖనిజాలు తీసే కర్మాగారం, అది దాటితే ఋషికుల్య మొగ. ఒక్కొక్కటీ దారికి అడ్డంగా ఉంటుంది. ఉన్నవల్లా జాతీయ రహదారి మీంచి సముద్రం వైపు దిగే చిన్న చిన్న రోడ్లు. రహదారి దువ్వెన వెన్ను అనుకుంటే ఇవి దాని పళ్ళు. ఒకదాని చివరిదాకా వెళ్ళి, ఒడ్డున కాసేపు కూర్చుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చి మరొకటి అందుకోవాలి. మొదట్లో ఇది విసుగనిపించేది. ఇప్పుడు అదే ఇష్టం. ప్రతి పన్ను చివరా ఒక ఊరుంటుంది, ప్రతి ఊరికీ దాని సముద్రం దానికుంటుంది.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాను. నా సైకిలు గేర్లు లేని మామూలు ఉక్కు సైకిలే, టైర్లు మాత్రం కొంచెం వెడల్పువి. ఈ నేలకు అది చాలు. ఇక్కడ ఎక్కాల్సిన కొండలు లేవు, తట్టుకోవాల్సింది గాలిని.

గాలి సంగతి వివరంగా చెప్పాలి, ఈ తీరంలో ప్రయాణమంతా దాని చేతిలోనే ఉంది. చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది, వేసవి మొదలయ్యాక దక్షిణం వైపు నుంచి. దీనికి తోడు రోజువారీ గాలి ఒకటుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం మీదికి మెల్లగా కదులుతుంది. పొద్దెక్కి ఇసుక కాగాక సముద్రం వైపు నుంచి తోపు మొదలవుతుంది. అందుకే జనవరిలో నేను ఇంకా చీకటి ఉండగానే ఇల్లు వదిలి, గాలి పడి ఉన్నప్పుడే ఉత్తరంగా వెళ్ళిపోతాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతుంది. దీన్ని తలకిందులు చేసిన రోజున ముప్ఫై కిలోమీటర్లు అరవై అనిపిస్తాయి.

బరంపురం నుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది, గంటలో సముద్రం దగ్గర ఉంటాం. మిగతా ఊరు అందరికీ తెలిసిందే. నేను మాత్రం పాత రేవు మొండిగోడల దగ్గర ఆగకుండా ముందుకు పోను. మా ముత్తాత ఇక్కడి నుంచే రంగం వెళ్ళాడు. రంగూన్‌ను ఇప్పటికీ మా ఇంట్లో రంగం అనే అంటారు. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు గోపాలపూర్‌లో ఓడ ఎక్కి బర్మాకు పనికి వెళ్ళేవారు. 1942లో జపాను సేనలు రంగూన్ పట్టుకున్నాక ఆ రాకపోకలు తెగిపోయాయి. ఆయన తెచ్చిన టేకు పెట్టెలో మా అమ్మ ఇప్పటికీ పండగ చీరలు దాస్తుంది. ఆ గోడను ఒకసారి చేత్తో తాకి, మళ్ళీ సైకిలెక్కుతాను.

అక్కడి నుంచి ఛత్రపురం వైపు వెళ్ళే దారుల్లో గట్ల మీద మొగలి పొదలు దట్టంగా ఉంటాయి. ఆకు అంచున చిన్న చిన్న కొక్కేల్లాంటి ముళ్ళుంటాయి, దగ్గరగా తొక్కితే మోచేయి గీసుకుపోతుంది. జనవరిలో పూలు పెద్దగా ఉండవు. ఆ వాసన కావాలంటే వానాకాలంలో రావాలి. మగపొదల పూలనే కోసి, రాగి డేగిశాల్లో నీళ్ళతో ఉడికించి, ఆవిరిని వెదురు గొట్టం గుండా పట్టి అత్తరు చేస్తారు. గంజాం మొగలి పువ్వుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బట్టీ నడిచే రోజుల్లో చాలా దూరం నుంచే ముక్కు పసిగడుతుంది, కాళ్ళు వాటంతట అవే నెమ్మదిస్తాయి.

ఆర్యపల్లి ఒడ్డున నాకు బాగా నచ్చేది ఇసుకే. అల వెనక్కి లాగిన చోట వంగి చూడండి. తెల్లటి ఇసుక మీద నల్లటి చారలు, వాటి పక్కనే దానిమ్మ గింజ రంగు చారలు కనిపిస్తాయి. నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. బరువైన రేణువులు కాబట్టి అల తేలిక ఇసుకను తీసుకుపోయి వీటిని వదిలిపెడుతుంది. వేలితో గీస్తే ఒక పొర నలుపు, ఒక పొర తెలుపు, మళ్ళీ నలుపు. మా దుకాణంలో చీర అంచు చూసినట్టే ఉంటుంది. పక్కనే ఉన్న కర్మాగారం ఈ రేణువుల కోసమే ఉంది.

ఛత్రపురం దాటి, ఋషికుల్య వంతెన మీదుగా గంజాం ఊళ్ళోకి. ఇక్కడి పోటాగఢ్ కోట 1768 నాటిది. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు జిల్లాను ఇక్కడి నుంచే ఏలేవారు. 1815 ప్రాంతంలో విషజ్వరాలు ఊరిని ఊడ్చేశాక పాలన ఇక్కడి నుంచి తరలిపోయింది. కోటను చూడటానికి పావుగంట చాలు. నా మనసంతా మొగకు ఉత్తరాన ఉన్న పురుణబంధ, గోఖరకుద ఊళ్ళ మీద ఉంటుంది.

పోయిన జనవరిలో పురుణబంధ దగ్గర సర్కారు తుమ్మ ముల్లు దిగి వెనక చక్రం గాలి పోయింది. ఊళ్ళోకి నడిపించుకుంటూ వెళ్ళాను. ఒక ఇంటి ముందు వల బాగు చేస్తున్న ఆయన ఏమీ అడగకుండానే లోపలికి వెళ్ళి బకెట్టు నీళ్ళు తెచ్చి పెట్టాడు. ట్యూబు నీళ్ళలో ముంచి తిప్పితే సన్నటి బుడగలు వరస కట్టాయి. తడి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, అది ఆరేదాకా ఆగాను. అతుకు నిలవడం ఆ ఆరడంలోనే ఉంది, తొందరపడితే నాలుగు కిలోమీటర్లకే ఊడుతుంది. ఆరే లోపల ఆయన సముద్రం కబుర్లు చెప్పాడు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళను కాపాడాలని నవంబరు 1 నుంచి మే 31 వరకు ఈ మొగ చుట్టూ 20 కిలోమీటర్ల లోపు మర పడవలతో వేట నిషేధం. ఏడు నెలలు. తాబేళ్ళ మీద కోపం లేదు, అవి కూడా కడుపు కోసమే తిరుగుతున్నాయి కదా అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది. 2023లో ఈ ఒక్క ఒడ్డునే ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. వాటి కోసం ఖాళీగా ఉండిపోయిన పడవల్లో ఆయనదీ ఒకటి.

మా మాటలు విని లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. ఇక్కడ ఒడియావాళ్ళు ఈ బెస్తవాళ్ళను నోళియాలు అంటారు. ఇంటి భాష తెలుగు.

"తెలుగు చదవడం వచ్చా బాబూ?" అని అడిగింది.

వచ్చన్నాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, పసుపు పూసిన శుభలేఖ ఒకటి తెచ్చి ఇచ్చింది. బారువలో ఉన్న ఆమె చెల్లెలి మనవరాలి పెళ్ళి. 1936 దాకా ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తర్వాత బడులు ఒడియావి అయ్యాయి, పిల్లలకు ఆ అక్షరాలే వచ్చు. మనవడు కార్డు మీద అంకెలు చూసి, శుక్రవారం రాత్రి పెళ్ళి అని చెప్పాడట. శుక్రవారం ఉదయం బండికి బయలుదేరాలని ఇల్లంతా అనుకున్నారు.

నేను గట్టిగా చదివాను. మాఘమాసం. గురువారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం, వృశ్చిక లగ్నం.

"తెల్లవారితే శుక్రవారమా?" అంది.

"అవునమ్మా. మీరు గురువారం సాయంత్రానికే అక్కడ ఉండాలి."

ఆమె కొడుకు వల పక్కన పెట్టి లేచాడు. శుక్రవారం ఉదయం బయలుదేరి ఉంటే, వీళ్ళు వెళ్ళేసరికి పందిరి విప్పుతూ ఉండేవారు. ఆమె కార్డు తీసుకుని, ఆ ముహూర్తం ఉన్న చోట వేలు పెట్టి, మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను. ఆ తర్వాత నాకు చద్దన్నం, ఉప్పుచేప పెట్టింది. ఒక్క మెతుకు మిగల్చలేదు.

ఆ ఒడ్డుకు వెళ్ళేవారికి ఒక మాట చెప్పాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇసుక మీద సైకిలు దించకండి. గుడ్లు అక్కడే ఇసుక కింద ఉంటాయి. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు పైకి వస్తాయి, చీకట్లో ఎటు వెలుతురుంటే అటే సముద్రం అనుకుని పాకుతాయి. మీ సైకిలు దీపం వాటిని ఊరి వైపు తిప్పేస్తుంది. దీపం ఆర్పి, సైకిలు ఊళ్ళోనే ఎవరింటి దగ్గరో ఆనించి నడవండి. వద్దనేవాళ్ళు నాకు ఇంతవరకు ఎదురు కాలేదు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో సైకిలంతా కడిగి, గొలుసు తుడిచి నూనె వేయండి. ఉప్పుగాలి ఒక్క రాత్రిలోనే పని మొదలుపెడుతుంది.

వెళ్ళేటప్పుడు ఆ తల్లి "పెళ్ళికి నువ్వు కూడా రా బాబూ, సైకిలు మీదైనా రా" అంది. మాటవరసకు అన్నదేమో. కానీ బరంపురం నుంచి దక్షిణంగా బారువ 60 కిలోమీటర్ల పైచిలుకు. మాఘంలో గాలి ఉత్తరం వైపు నుంచే ఉంటుంది. గురువారం దుకాణంలో సెలవు అడిగాను.

ఇచ్ఛాపురం దాకా రహదారి, లారీల రద్దీ, అది త్వరగా గడిస్తే చాలు. ఇచ్ఛాపురం దాటి కవిటి వైపు తిరగగానే ఉద్దానం మొదలవుతుంది. కొబ్బరి, జీడి, మామిడి, పనస, రోడ్డు మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటలను కూల్చేసింది. అప్పుడు నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు నా తల దాటి నీడనిస్తున్నాయి, వాటి మధ్య అక్కడక్కడ పాత చెట్లు చాలా ఎత్తున, విడివిడిగా నిలబడి ఉన్నాయి. ఎవరి తోటలోనో ఒక బొండాం తాగి, సోంపేట మీదుగా, పొద్దు వాలుతుండగా బారువ చేరాను. మహేంద్రతనయ సముద్రంలో కలిసే ఊరు అది.

పందిరి దొరకడానికి ఎవరినీ అడగనక్కరలేకపోయింది, మైకు వినిపిస్తోంది. గుమ్మం దగ్గర పెద్దావిడ చెల్లెలి పక్కన కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. నన్ను చూసి లేచి వచ్చింది, ముందు నా వెనక చక్రం కేసి చూసింది, వంగి రెండు వేళ్ళతో నొక్కింది.

"గాలి ఉంది" అని, లోపలికి కేకేసి నాకు నీళ్ళు తెమ్మంది.