అల్మేరియాలో ఆ తెల్లటిది మంచు కాదు

స్పెయిన్ దక్షిణాన మధ్యధరా ఒడ్డున అల్మేరియా అని మన జిల్లా లాంటి ప్రావిన్స్ ఉంది, జనాభా ఓ 7.5 లక్షలుంటుంది, తీరం వైపు ఏడాది మొత్తం కలిపి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, పక్కనే తబెర్నాస్ ఎడారి, 1960ల్లో కౌబాయ్ సినిమాలు తెగ తీసింది అక్కడే. అలాంటి చోట 30 వేల హెక్టార్లకు పైగా గ్రీన్‌హౌస్‌లండీ! శాటిలైట్ ఫొటోలో తెల్లగా మెరిసేదంతా ప్లాస్టిక్కే.

లోపల బంకమట్టి, దానిమీద పశువుల ఎరువు, తడి ఆరకుండా పైన ఇసుక పరుస్తారు, ఎండాకాలం వస్తే కప్పుకి సున్నం కొడతారు. చలికాలంలో యూరప్ సూపర్‌మార్కెట్లలో టమాటా, క్యాప్సికం, కీరా బోలెడన్ని ఇక్కడినుంచే వెళ్తాయి. కోసేది మాత్రం ఎక్కువగా మొరాకో, ఇతర ఆఫ్రికా దేశాల కూలీలు, వాళ్లలో కొన్ని వేలమందికి ఆ పాత ప్లాస్టిక్ షీట్లతో కట్టుకున్న గుడిసెలే ఇళ్లు, ఇంత డబ్బు తిరిగే చోట ఇదేం అన్యాయమో నాకు మింగుడుపడదు. నీళ్లంటారా, తోడి తోడి బోర్లలోకి ఉప్పు చేరింది, ఇప్పుడు సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేసి వాడుతున్నారు, ఆ కరెంటు ఖర్చు రైతుకి మామూలు దెబ్బ కాదు.