నానబోసిన బియ్యం ఆగదు

మధ్యాహ్నం రెండింటికి మా ఇడ్లీ పిండి అంగడిలో గ్రైండర్ మోటారు కాలిపోయింది. ముందు కాసేపు మూలిగింది, తర్వాత గుప్పున కాలిన వాసన. స్విచ్ ఆపి బెల్టు తీసి చూశా. రాయి చేత్తో తిప్పితే తిరుగుతోంది. అంటే జబ్బు మోటారుదే. మెకానిక్ వచ్చి, మూత కూడా విప్పకుండా వాసన చూసి చెప్పేశాడు. "వైండింగ్ పోయిందక్కా. ఎల్లుండి సాయంత్రానికి ఇస్తా."

ఎల్లుండి! పక్కన డ్రమ్ముల్లో 24 కిలోల బియ్యం, 6 కిలోల ఉద్దిపప్పు పొద్దున తొమ్మిదికి నానబోసినవి ఉన్నాయి. మే నెల తిరుపతి ఎండలో నానిన పప్పు ఎవరి కోసమూ ఆగదు. రాత్రయ్యేసరికి చేతికి జిగట తగులుతుంది, ఆ తర్వాత వాసన. పైగా వచ్చే వారమే గంగజాతర చాటింపు. చాటింపు వేశాక ఊరు దాటకూడదని మాకు పట్టింపు. ఊళ్లోవాళ్లు కదలరు, బయటి చుట్టాలేమో దిగుతారు. కొర్లగుంటలో ఏ ఇంట్లో చూసినా ఇడ్లీకి ఇద్దరు ముగ్గురు ఎక్కువే. ఇలాంటప్పుడు పిండి లేదని ఒక్కసారి అంటే, ఆ మనిషి ఇంకో అంగడి అలవాటు చేసుకుంటాడు.

ఇంట్లో రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్ ఉంది. లెక్కేశా. వాయికి కిలో, అరగంట. ముప్పై వాయిలు, పదిహేను గంటలు. రాత్రంతా కూర్చుంటే తెల్లారేసరికి అయిపోతుంది కదా అనుకున్నా. అనుకోవడమే కాదు, రెండు వాయిలు వేసేశా కూడా! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. పొద్దునకు రుబ్బితే పులిసేదెప్పుడు, అమ్మేదెప్పుడు? అప్పుడు మాత్రం ఒకటే ఆలోచన: ఎవర్నీ అడక్కుండా గడిచిపోవాలి.

నాకు నోరు లేక కాదు. రైతుబజార్లో రెండు రూపాయల కోసం పది నిమిషాలు బేరమాడతాను. 2022లో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకంలో కిశోర్ రకం కింద రెండు లక్షల లోన్‌కు బ్యాంకుకు వెళ్లినప్పుడు కూడా ఏం సిగ్గనిపించలేదు. అక్కడ అడిగింది కాగితం, నేను సంతకం పెట్టానంతే. ఇక అంగడికి వచ్చేవాళ్లలో రోజూ ఎవరో ఒకరు "అక్కా, ఒకటో తేదీ ఇచ్చేస్తా" అంటూనే ఉంటారు. సరేనని రాసుకుంటా. అలా అడిగినందుకు నా దృష్టిలో ఎవరూ చిన్నబోలేదు. మరి నా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుందెందుకో.

చెన్నైలో ఉన్న అన్నకు మెసేజ్ టైప్ చేశా. "అన్నా, బాగున్నావా" దగ్గర ఆగిపోయా. తర్వాత ఏం రాయాలి? అన్న డబ్బు పంపుతాడు, వెనకే "నాలుగేళ్ల కిందటే చెప్పినా కదా, ఈ రుబ్బుడు వద్దని" అంటాడు. అయినా నాకు కావాల్సింది డబ్బు కాదే. వైండింగ్‌కు అయ్యేంత గల్లాపెట్టెలో ఉంది. మరేం కావాలి? ఈ సాయంత్రం రెండు గంటలు, రేపు రెండు గంటలు ఒక పెద్ద గ్రైండర్ కావాలి. అంతే. అప్పటిదాకా 'సాయం' అన్న మాట తలలో పెద్ద బండలా కూర్చుంది. అడిగితే అంగడి నడపడమే చేతకాలేదని ఒప్పుకున్నట్టు. నాలుగు గంటల గ్రైండర్ అనుకునేసరికి నోట్లో పట్టే మాటయింది.

చిక్కేమిటంటే, నాకు తెలిసి ఆ సైజు గ్రైండర్ ఖాళీగా ఉండేది రాయలచెరువు రోడ్డు అన్న దగ్గరే. నాకన్నా కిలోకు ఐదు రూపాయలు తక్కువకు అమ్మే మనిషి. రెండేళ్లుగా మనసులో ఆయన్ని తిట్టని వారం లేదు.

డ్రమ్ములు ఆటోలో వేసుకుని వెళ్లా. డ్రమ్ములతో సహా వెళ్లడం ఒక రకంగా మంచిదైంది, ఊరికే ఇటుగా వచ్చానని చెప్పి తప్పించుకునే వీలు లేకుండా పోయింది. అయినా నా నోరు వెంటనే రాలేదు. ముందు ఉద్దిపప్పు మూట ఎంతకు పడుతోందని అడిగా. ఆయన చెప్పాడు. ఎండలు మండిపోతున్నాయన్నా. అవునన్నాడు. ఆటో డ్రైవర్ హారన్ కొట్టాడు.

"అన్నా, నా మోటారు కాలిపోయింది. ఈ పొద్దు, రేపు మీ గ్రైండర్ ఇస్తారా? కరెంటుకు ఎంతో చెప్పండి, ఇస్తాను."

ఆయన నా మొహం చూడలేదు. ఆటోలోకి వంగి, పప్పు డ్రమ్ములో చెయ్యి పెట్టి, ఒక గింజ తీసి గోటితో నొక్కాడు. "బాగా నానిపోయుండాది. ముందు ఇది వేసేయ్" అన్నాడు. అంతే, అదే ఒప్పుకోవడం.

రుబ్బుతుంటే ఐసు ముక్కలు తెచ్చి వేశాడు. వేసవిలో రాయి వేడికి పిండి తొందరగా పులుస్తుందని నేనూ చల్లనీళ్లు పోస్తాను కానీ, ఆయన ఐసునే కొంచెం కొంచెంగా వేస్తాడు. పిండి ఇంత తీసి గ్లాసు నీళ్లలో వేస్తే తేలింది. తేలేదాకా పప్పు తీయకూడదని మా అత్త నేర్పింది, ఆయనకు వాళ్ల అమ్మ నేర్పిందట.

"పోయినేడు జాతరప్పుడు నా మోటారు కూడా పోయింది" అన్నాడు ఉన్నట్టుండి. "నిన్నే అడుగుదామని మీ వీధి దాకా వచ్చినానమ్మా. మూల మీద సోడా తాగి ఎనక్కి వచ్చేసినా. రెండు రోజులు అంగడి మూసుకున్నా."

ఏమనాలో తెలియలేదు. ఆ రెండు రోజులు నాకు గిరాకీ బాగుందని సంతోషపడ్డ సంగతి మాత్రం చెప్పలేదు.

తర్వాత మాట మాటలో హాస్టల్ బాకీ బయటపడింది. ఒక హాస్టల్‌కు మూడు నెలలుగా పిండి ఇస్తున్నా, 46,000 రావాలి. ఫోన్ చేస్తే సోమవారం అంటారు, ఏ సోమవారమో చెప్పరు. అన్న అడిగాడు, "ఉద్యం కాగితం ఉండాదా నీకు?" ఉంది. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే కాగితం అది, లోన్ అప్పుడు బ్యాంకువాళ్లు తెమ్మంటే ఆధార్‌తో పైసా ఖర్చు లేకుండా తీసుకున్నా. అప్పట్నుంచి ఫైల్లోనే ఉంది. అది ఉన్న చిన్న పరిశ్రమకు, రాతకోతల్లో గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలట. రాతకోతలేం లేకపోతే 15 రోజులే. 2006 నాటి చట్టం. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అప్పటికీ కదలకపోతే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చట. (మాది సూక్ష్మ పరిశ్రమ. టర్నోవర్ పది కోట్లు దాటేదాకా సూక్ష్మమేనట. ఆ లెక్కన నేను ఇంకా కంటికి కనపడను.)

"ముందే ఫిర్యాదు అనొద్దు. మనిషి చెడిపోతాడు" అన్నాడు. "బిల్లు కింద ఉద్యం నంబరు వేసి, గడువు తేదీ రాసి పంపు. నాకు సగం మంది దానికే కట్టేసినారు."

ఇప్పుడు రాత్రి పదకొండు. పిండి డ్రమ్ములు అంగడిలో తడిగుడ్డ కింద ఉన్నాయి. బిల్లు కింద నంబరు, తేదీ రాసి పెట్టా. "దయచేసి" అని ఒకసారి రాసి, కొట్టేసి, మళ్లీ రాశా. పొద్దున పంపాలి.

కరెంటు డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదాయన. రేపు వచ్చేటప్పుడు ఐసు మాత్రం నన్నే తెచ్చుకోమన్నాడు. ఫ్రీజర్లో ట్రేలు చాల్లేదని టిఫిన్ గిన్నెల్లో, పిల్లల లంచ్ బాక్సుల్లో కూడా నీళ్లు పోసి పెట్టా. పొద్దున బడికి బాక్సులేవి అని గోల చేస్తారు, చేయనీ.